బొట్టు పెట్టి పిలిచినవాళ్ళు

ఫొటోలు మూడు వందల పైచిలుకు ఉన్నాయి. మాష్టార్లకు శాలువాలు కప్పుతున్నవి, పాత తరగతి గదిలో ఇరుకిరుగ్గా బెంచీల మీద కూర్చుని నవ్వుతున్నవి, వేపచెట్టు కింద అందరం వరసలు కట్టి తీయించుకున్నవి… ఒక్కొక్కటే చూసుకుంటూ పోతే, మూడో రోజుకు గానీ నాకొక సంగతి తట్టలేదు. ఆ సమ్మేళనం జరగడానికి కారకులైన నలుగురూ ఆ ఫొటోల్లో ఎక్కడా సరిగ్గా లేరు. ఒకరి భుజం ఉంది. ఒకరి వీపు ఉంది. మంచినీళ్ళ గ్లాసు అందిస్తూ ఒకావిడ చెయ్యి ఉంది. నాలుగో మనిషి అసలు లేనే లేడు.

ఆ రోజు వందన సమర్పణ చేయవలసిన పని నాకు అప్పగించారు. చేశాను. నలుగురి పేర్లూ చదివాను, అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు వినడానికి ఆ నలుగురిలో ఒక్కరూ పందిట్లో లేరు. ఒకరు భోజనాల దగ్గర ఆకులు లెక్క పెట్టుకుంటున్నారు, ఒకరు పెద్దవాళ్ళను కారు ఎక్కిస్తున్నారు. వందన సమర్పణ అనేది ఎప్పుడూ కార్యక్రమంలో చివరి అంశం కనుక, అప్పటికి వినేవాళ్ళకు ఆకలి, చెప్పేవాడికి తొందర. నేనూ రెండు నిమిషాల్లో ముగించాను. అది తీరని బాకీలా ఉండిపోయింది. అందుకే ఈ నాలుగు మాటలు. పేర్లు రాయవద్దని వాళ్ళు కోరారు. రాయను.

మాది రేపల్లె వైపు ఒక పల్లె. అప్పట్లో గుంటూరు జిల్లా, 2022 ఏప్రిల్ నుండి బాపట్ల జిల్లా. కృష్ణ కాలవల నీళ్ళతో వరి, ఆ తేమ ఆరకముందే మినుము పండించుకుని బతికే ఊళ్ళు. చుట్టుపక్కల ఆరేడు ఊళ్ళ పిల్లలకు మా జిల్లా పరిషత్ హైస్కూలే దిక్కు. మేం 1985లో పదో తరగతి పరీక్షలు రాసినవాళ్ళం. నలభై ఏళ్ళకు, 2025 జనవరి 5, ఆదివారం నాడు, మళ్ళీ ఆ బళ్ళోనే కలుసుకున్నాం.

ఈ ఆలోచన పుట్టింది ఒక చావింట్లో. 2024 ఎండాకాలంలో, మా తరగతిలో రెండో బెంచీలో కూర్చునేవాడు ఒకడు గుండెపోటుతో పోయాడు. పెద్దదినానికి మా క్లాసువాళ్ళలో వెళ్ళింది నలుగురే. ఊళ్ళోనో పక్క ఊళ్ళోనో ఉండిపోయిన నలుగురు. ఒకడికి ఎరువుల కొట్టు. ఒకడు ఆర్టీసీ కండక్టరు. ఒకావిడ అంగన్‌వాడీ టీచరు. ఒకడు పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వంటలు చేసే వంటమేస్త్రి. భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని, "ఇక మనం కలుసుకునేది ఇలా చావులకేనా?" అనుకున్నారట.

ఆ సాయంత్రమే కండక్టరు నాకు ఫోను చేశాడు. నేను హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగిని. పదో తరగతిలో క్లాసు లీడర్ని. నేను పూనుకుంటే అందరూ కదులుతారని వాడి నమ్మకం. నేను పూనుకున్నదల్లా వాట్సాప్‌లో ఒక గుంపు పెట్టి సలహాలివ్వడం. విజయవాడలో మంచి హోటల్లో హాలు తీసుకుందాం, ఏసీ ఉంటుంది, దూరాల నుండి వచ్చేవాళ్ళకు సుఖంగా ఉంటుంది అన్నాను. విదేశాల్లో ఉన్న ఐదారుగురు వెంటనే బాగుందన్నారు.

"హోటలుకి రమ్మంటే మనవాళ్ళు సగం మంది రారండీ," అంది అంగన్‌వాడీ టీచరు.

ఎందుకు రారని అడిగాను.

"ఏ చీర కట్టుకోవాలో తెలియక."

నా దగ్గర దానికి జవాబు లేకపోయింది. బళ్ళోనే అని తేలిపోయింది.

తేదీ దగ్గరా ఇదే కథ. మగవాళ్ళమంతా కలిసి జనవరి 12 అని నిర్ణయించాం. మర్నాడు భోగి, సంక్రాంతికి ఎలాగూ ఊరొస్తాం కదా అని మా లెక్క. "మీరొస్తారు, మేమెలా వస్తాం? ఆ వేళకి కూతుళ్ళూ అల్లుళ్ళూ దిగుతారు. పొయ్యి మీద అరిసెల పాకం పెట్టుకుని ఏ ఆడది బడికొస్తుంది?" అని ఆవిడే అడిగింది. వారం ముందుకు జరిపాం. దానివల్ల విదేశాల్లో ఉన్నవాళ్ళలో ఇద్దరికి కుదరలేదు, వాళ్ళు కొంత నొచ్చుకున్నారు. కానీ ఆ రోజు వచ్చిన ఆడవాళ్ళ వరసను చూసినప్పుడు, ఆ ఒక్క వారం జరపడం ఎంత పెద్ద పనో అర్థమయింది. తేదీ అంటే క్యాలెండరులో ఒక గడి అనుకుంటాం. ఎవరు రాగలరో, ఎవరు రాలేరో ఆ గడిలోనే నిర్ణయమైపోతుంది.

తేదీ కుదిరాక, మనుషుల్ని వెతకాలి. మగవాళ్ళను వెతకడం సులువు. ఇంటిపేరు మారదు, ఊరు మారినా ఊళ్ళో పొలమో ఇల్లో అన్నదమ్ములో ఉంటారు. ఆడపిల్లల సంగతి వేరు. ఇంటిపేరు మారింది, ఊరు మారింది, కొందరికి అత్తవారింట్లో పిలుపుపేరు కూడా మారింది. తల్లిదండ్రులు పోయాక పుట్టింటి ఊరితో చుట్టరికం తెగింది. బడి రిజిస్టరులో ఉన్న పేరుతో లోకంలో ఎవరూ లేరు!

అప్పుడు తెలిసింది, ఈ నలుగురి ఉద్యోగాల విలువ ఏమిటో. కండక్టరు టిక్కెట్లు కొడుతూనే, "మీ ఊరికి ఫలానావారి రెండో అమ్మాయినిచ్చారు, ఉన్నారా?" అని అడిగేవాడట. బస్సంటే కదిలే రచ్చబండ. సాయంత్రం ట్రిప్పులోనే ఎవరో ఒకరు కబురు మోసుకొచ్చేవారు.

అతనికన్నా ఎక్కువ మందిని పట్టుకున్నవాడు వంటమేస్త్రి. ఏ ఇంటి పిల్లను ఏ ఊరిచ్చారో ఊరి పెద్దలు మరిచిపోవచ్చు గానీ, ఆ పెళ్ళికి వంట చేసినవాడు మరిచిపోడు. మేనమామ చేతికింద పనిలో చేరిన నాటి నుండి వీడు సరుకుల చిట్టాలు దాచుకున్నాడు. కాయితాలు పసుపుపచ్చగా మారి, నూనె మరకలు పడి, అంచులు చిరిగిన నోటు పుస్తకాలు. ఎన్ని విస్తళ్ళు, ఎంత బియ్యం, ఎంత కందిపప్పు, బూరెలా బొబ్బట్లా, మగపెళ్ళివారిది ఏ ఊరు… ఒక్కొక్క పేజీ ఒక పెళ్ళి. మా క్లాసు అమ్మాయిల్లో తొమ్మిదిమంది అత్తవారి ఊళ్ళు ఆ చిట్టాల్లోనే దొరికాయి. బ్యాంకులో రికార్డుల మధ్య ముప్ఫై ఏళ్ళు గడిపిన నేను, అంతకన్నా నికరమైన రికార్డును చూడలేదు.

ఒకమ్మాయి మాత్రం ఏ చిట్టాకీ దొరకలేదు. ఆమెది దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో తల్లీ తండ్రీ పోతే, మా ఊళ్ళో అమ్మమ్మ దగ్గరికి వచ్చింది. మూడో తరగతిలో మా మధ్య వచ్చి కూర్చున్న ఆ పిల్ల, పదో తరగతి దాకా మాతోనే చదివింది. వర్షం పడితే బళ్ళో ఉండలేకపోయేది. కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడేది. పరీక్షలయ్యాక ఏటి అవతల బంధువులెవరో తీసుకువెళ్ళి పెళ్ళి చేశారని విన్నాం. అమ్మమ్మ పోయింది, ఆ ఇల్లూ లేదు. మా చిన్నప్పుడు పెనుమూడి రేవు దగ్గర కృష్ణ దాటాలంటే పడవే. ఇప్పుడు పులిగడ్డకు వంతెన ఉంది. మా వంటమేస్త్రి తన పాత మోపెడ్ మీద ఆ వంతెన దాటి మూడుసార్లు వెళ్ళాడు. అటువైపు అతనికి చుట్టాలెవరూ లేరు. "వంటవాడికి వంటవాడు తెలుస్తాడు," అన్నాడు తరవాత. అక్కడి వంటవాళ్ళను ఒకరి తరవాత ఒకరిని అడుగుతూ పోయి, మూడో ప్రయాణంలో ఆమె గుమ్మం ముందు నిలబడ్డాడు. నువ్వెవరని అడిగిందట. "నీ వెనక బెంచీ," అన్నాడట.

మనిషి దొరకగానే పని అయిపోయినట్టేనా? నేనైతే ఫోను నెంబరు పుచ్చుకుని గుంపులో చేర్చి ఊరుకునేవాణ్ణి. అంగన్‌వాడీ టీచరు ఒప్పుకోలేదు. "ఫోన్లో చెబితే చెప్పినట్టు, పిలిచినట్టు కాదు," అంది. ఆదివారాలూ సెలవులూ చూసుకుని, బస్సెక్కి, కుంకుమ భరిణె చేత్తో పట్టుకుని, ప్రతి స్నేహితురాలి ఇంటికీ వెళ్ళి బొట్టు పెట్టి పిలిచింది. ముస్లిం, క్రైస్తవ స్నేహితురాళ్ళకు పండూ పూలూ ఇచ్చి పిలిచింది. భర్త ఇంట్లో ఉంటే ఆయనతోనూ, అత్తగారుంటే ఆవిడతోనూ మాట్లాడి, "పొద్దున తీసుకెళ్ళి సాయంత్రం దింపే పూచీ నాది," అని చెప్పింది. యాభై ఐదేళ్ళ ఆడది బడికి వెళ్ళడానికి పూచీ ఏమిటి అనిపిస్తుంది మనకు. అనిపించడం వేరు, ఆ గడపల దగ్గర నిలబడడం వేరు.

మా క్లాసు ఆడవాళ్ళలో భర్తలు పోయినవాళ్ళు నలుగురున్నారు. వాళ్ళ సంగతి ఏం చేసిందో నాకు చాలా కాలం తెలియదు. వాళ్ళకూ బొట్టు పెట్టే పిలిచింది. ఒకచోట అత్తగారు అడ్డు చెప్పిందట. దానికి ఈవిడ, "నేను పెళ్ళికి పిలవడం లేదు పిన్నిగారూ, బడికి పిలుస్తున్నాను. బడికి మేమందరం బొట్టు పెట్టుకునే వెళ్ళేవాళ్ళం," అందట. ఆ ముసలావిడ ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి, మజ్జిగ తెచ్చి ఇచ్చిందట. ఇదంతా ఆ స్నేహితురాలే సమ్మేళనం నాడు చెప్పింది. చెబుతూ నుదురు తడుముకుంది.

ఇక డబ్బు. ఖజానా ఎరువుల కొట్టువాడిది. మాలో అమెరికాలో ఇళ్ళు కొన్నవాళ్ళూ ఉన్నారు, మినప చేలల్లో కూలికి వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. మనిషికింత అని పెడితే కొందరికి భారం, ఎవరిష్టం వారిదంటే కొందరికి చిన్నతనం. వీడు చేసిన ఏర్పాటు ఏమిటంటే, ఎంత వచ్చిందో గుంపులో ఎప్పటికప్పుడు మొత్తం చెబుతాడు. ఎవరెంత ఇచ్చారో చెప్పడు. నేను నా స్థాయికి కాస్త పెద్ద మొత్తమే పంపాను. పంపి, రెండు రోజులు వేచి చూశాను. చివరికి మొహమాటం విడిచి, "ఇచ్చినవాళ్ళ పేర్లు వేస్తే మిగతావాళ్ళకి ఉత్సాహంగా ఉంటుందేమో," అన్నాను.

"ఇది పెళ్ళి కాదురా, చదివింపులు చదవడానికి," అన్నాడు.

ఆ మాట నాకు సూటిగానే తగిలింది. ఇచ్చింది అక్షరాలా నలుగురూ వినేలా మైకులో చదివించుకునే అలవాటు మనకు ఎంత బలంగా ఉందో, దాన్ని కాదనడానికి ఎంత నిబ్బరం కావాలో ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది. ఆఖరున ఖర్చుల లెక్క మాత్రం రూపాయితో సహా చదివాడు. వచ్చినవాళ్ళలో ఎవరు ఎంత ఇచ్చారో, ఎవరు ఇవ్వలేదో ఈనాటికీ వాడొక్కడికే తెలుసు. ఆ పుస్తకం ఎవరికీ చూపించలేదు.

మాకు చదువు చెప్పిన మాష్టార్లలో నలుగురు రాగలిగే స్థితిలో ఉన్నారు. అందరూ ఎనభై దాటినవాళ్ళే. వాళ్ళను తీసుకురావడం కండక్టరు వంతు. నేను శాలువాల రంగు గురించీ జ్ఞాపికల మీద అక్షరాల గురించీ హైదరాబాదు నుండి సలహాలిస్తుంటే, వాడు వేరే లెక్కలు వేసుకున్నాడు. ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళి, ఏ పూట ఏ మాత్ర వేసుకోవాలో రాసుకున్నాడు. ఎవరు ఉప్పు తినరో, ఎవరికి పప్పు పడదో వంటమేస్త్రికి చెప్పాడు. చేతులున్న కుర్చీలు సప్లయి కంపెనీలో విడిగా చెప్పి తెప్పించాడు, చేతుల్లేని ప్లాస్టిక్ కుర్చీలోంచి పెద్దవాళ్ళు లేవలేరు కనుక. కింద కూర్చోలేనివాళ్ళ కోసం ఒక కమోడు కుర్చీ అద్దెకు తెచ్చి మరుగుదొడ్లో పెట్టించాడు. సభలో మా సైన్సు మాష్టారు మూడు గంటల పాటు హాయిగా కూర్చుని కబుర్లు చెప్పారంటే, దానికి కారణం మా ప్రసంగాలు కావు.

మరుగుదొడ్ల మాట వచ్చింది కనుక ఇదీ చెప్పాలి. మేం చదివే రోజుల్లో మా బళ్ళో ఆడపిల్లలకు మరుగుదొడ్డి లేదు. పొద్దున ఇంట్లో బయలుదేరినప్పటి నుండి సాయంత్రం దాకా వాళ్ళు మంచినీళ్ళు తాగేవారు కాదట. పక్కపక్క వరసల్లో ఐదేళ్ళు కూర్చున్న మాకు ఈ సంగతి నలభై ఏళ్ళ తరవాత తెలిసింది. ఇప్పుడు గదులున్నాయి గానీ నీళ్ళ మోటారు పాడైపోయి ఉంది. సమ్మేళనానికి ముందురోజు శనివారం మధ్యాహ్నం, అంగన్‌వాడీ టీచరు మరో ఇద్దరిని వెంటబెట్టుకుని, చేతిపంపు దగ్గర నుండి బిందెలతో నీళ్ళు మోసి ఆ గదులు కడిగింది. డ్రమ్ములు నింపించింది. ఎవరూ ఫొటో తీయలేదు.

ఆదివారం పొద్దున నేను తెనాలిలో రైలు దిగి, ఎనిమిది గంటలకు బడికి చేరాను. ముంగిట్లో ముగ్గు, మామిడి తోరణం, షామియానా, మైకు, అన్నీ అమరి ఉన్నాయి. బడి గంట ఇప్పటికీ ఆ రైలుపట్టా ముక్కే. గుమ్మం పక్కన బల్ల మీద, దారాలు కట్టిన బ్యాడ్జీలు వరసగా పేర్చి ఉన్నాయి. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేతులతో చేసిన పని ఒక్క ఆ బ్యాడ్జీల జాబితాయే. పదో తరగతి పరీక్ష రాసిన యాభై నాలుగు పేర్లూ బడి రిజిస్టరు నుండి ఫొటో తీసి కండక్టరు పంపితే, నేను కంప్యూటరులో తప్పుల్లేకుండా కొట్టి తెనాలి ప్రెస్సుకు పంపాను. ఒత్తులూ దీర్ఘాలూ సరిచూసుకుని కాస్త గర్వపడ్డాను కూడా. నా బ్యాడ్జీ మెడలో వేసుకుని, టీ కోసం బడి వెనక్కి వెళ్ళాను.

అక్కడ గాడిపొయ్యి మీద గుండిగలు ఎక్కించి ఉన్నాయి. ఆవిరి మధ్య మా వంటమేస్త్రి, లుంగీ ఎగ్గట్టి, తలకు తువ్వాలు చుట్టి, పప్పు కలుపుతున్నాడు. నన్ను చూసి, "ఏం లీడరూ, ఎప్పుడు దిగావు?" అన్నాడు. నలభై ఏళ్ళ తరవాత కూడా వాడికి నేను లీడరునే. కాసేపు మాట్లాడాక, "నీ బ్యాడ్జీ ఏదిరా, మసి అవుతుందని దాచావా?" అన్నాను నవ్వుతూ.

"నాకెందుకుంటుంది? నేను పరీక్ష రాయలేదుగా," అన్నాడు. మామూలుగానే అన్నాడు. గరిటె ఆగలేదు.

1984 ఆఖరు రోజులు. పదో తరగతి పరీక్ష ఫీజు వసూలు చేసి, కట్టినవాళ్ళ జాబితా రాసి ఆఫీసులో ఇవ్వడం లీడరు పని. ఆ ఏడు వీడి నాన్న పచ్చకామెర్లతో మంచాన పడ్డాడు. ఆఖరు రోజు మధ్యాహ్నం వీడు నా దగ్గరికొచ్చి, "రేపటిదాకా ఆగగలవా లీడరూ?" అన్నాడు. హెడ్మాష్టరు గారు ఇవాళే ఇమ్మన్నారు, కుదరదు అన్నాను. జాబితా పట్టుకుని ఆఫీసుకు వెళ్ళాను. మర్నాడు వీడు బడికి రాలేదు. ఆ తరవాత కూడా రాలేదు. ఎందుకు రాలేదని నేను కనుక్కోలేదు. ఒక్కరోజు ఆగి ఉంటే ఏం జరిగేదో చెప్పలేను. డబ్బు దొరికేదో లేదో తెలియదు. కానీ ఆగవచ్చునేమో ఆఫీసులో అడగడం నా చేతిలో పని. అడగలేదు.

నలభై ఏళ్ళ తరవాత అదే జాబితాను నేనే మళ్ళీ రాశాను. మళ్ళీ అందులో వీడు లేడు. ఇంకో సంగతి అప్పుడే తెలిసింది. ఆ బ్యాడ్జీల పెట్టెను తెనాలి ప్రెస్సు నుండి మోపెడ్ మీద తెచ్చింది వీడే. చదివే ఉంటాడు. ఎవరితోనూ ఏమీ అనలేదు.

నేను ముందుకొచ్చి అంగన్‌వాడీ టీచరుతో చెప్పాను, పొరపాటు జరిగిందని. "వాడొక్కడేనా?" అంది ఆవిడ. మధ్యలో మానేసినవాళ్ళ పేర్లు ఏడు గబగబా చెప్పింది. ఒకమ్మాయికి తొమ్మిదో తరగతి సెలవుల్లో పెళ్ళయింది. ఒకడు పశువులకు వెళ్ళాడు. ఒకడు మద్రాసు హోటల్లో పనికి పోయాడు. "మేం పిలిచింది రిజిస్టరు చూసి కాదయ్యా, బెంచీలు గుర్తు తెచ్చుకుని," అంది. చూస్తే ఆ ఏడుగురిలో ముగ్గురు వచ్చి, షామియానాలో చివరి వరసలో కూర్చుని ఉన్నారు. వాళ్ళను పిలిచింది వంటమేస్త్రేనట. మెడల్లో ఏమీ లేవు. ఎవరో ఫంక్షనుకు సాయం వచ్చినవాళ్ళనుకుని నేను వాళ్ళ పక్కనుంచే వెళ్ళాను ఇందాక.

ఖాళీ బ్యాడ్జీలు కొన్ని మిగిలాయి. ఎరువుల కొట్టువాడు జేబులో కలం తీసి ఇచ్చాడు. ఆ పేర్లు నా చేత్తో రాశాను. తరవాత లెక్కల మాష్టారి చేతిలో ఉన్న హాజరు జాబితా తీసుకుని, యాభై నాలుగు కింద గీత గీయకుండా, యాభై ఐదు, యాభై ఆరు అంటూ ఏడు పేర్లూ చేర్చాను.

హాజరు పిలిచే ఘట్టం మీరందరూ ఊహించుకోగలరు. తల నెరిసినవాళ్ళంతా లేచి "ప్రెజెంట్ సార్" అనడం, చనిపోయినవాళ్ళ పేరు వచ్చినప్పుడు మాష్టారు ఒక్క క్షణం ఆగడం, దివిసీమ స్నేహితురాలు లేచి నిలబడితే ఆడవాళ్ళంతా ఆమె చుట్టూ చేరడం… యాభై ఐదో పేరు పిలిచారు. జవాబు లేదు. మాష్టారు కళ్ళద్దాలు సవరించుకుని రెండోసారి పిలిచారు. వెనక ఎవరో పరిగెత్తి వెళ్ళి చెప్పినట్టున్నారు. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, షామియానా గుంజ పక్కన నిలబడి, "ఉన్నానండి," అన్నాడు. మాష్టారు జాబితాలో టిక్కు పెట్టారు. "సాంబారు మాడిపోతుందండీ," అని వెంటనే వెనక్కి వెళ్ళిపోయాడు. అందరూ నవ్వారు. నేను బ్యాడ్జీ పట్టుకెళ్ళి ఇస్తే, చేతులు తడిగా ఉన్నాయని జేబు చూపించాడు. అందులో పెట్టాను.

నొచ్చుకున్నావా అని అడుగుదామనుకుని అడగలేకపోయాను. ఆ 1984 నాటి మధ్యాహ్నం వాడికి గుర్తుందో లేదో కూడా అడగలేదు. గుర్తుంటే ఏమంటాడోనని భయం. గుర్తు లేదంటే నమ్మలేను. సాయంత్రం చీకటి పడే వేళ, మళ్ళీ ఆ పొయ్యి దగ్గరికే వెళ్ళి, గుండిగలు కడుగుతుంటే ఒక పక్క పట్టుకున్నాను. "నీకు రాదులే లీడరూ, చొక్కా పాడవుతుంది," అన్నాడు. పట్టుకునే ఉన్నాను. ఇంకేమీ మాట్లాడుకోలేదు.

ఖర్చుల లెక్కలో వంట కూలి అన్న చోట సహాయకుల కూలి మాత్రమే ఉంది. మిగిలిన డబ్బుతో మరుగుదొడ్ల నీళ్ళ మోటారు మార్పించారు. సోమవారం పొద్దున నేను ఊరు విడిచేముందు అటు వెళ్ళి చూశాను. షామియానా లేదు, ఒక్క విస్తరాకు లేదు, గాడిపొయ్యి పూడ్చి నీళ్ళు చల్లి ఉంది. పిల్లలు వచ్చేసరికి బడి బడిలా ఉంది. కండక్టరు అప్పటికే డ్యూటీకి వెళ్ళిపోయాడు. అంగన్‌వాడీ తలుపు తెరిచి ఉంది. ఎరువుల కొట్టు ముందు ఇద్దరు రైతులు నిలబడి ఉన్నారు. వంటమేస్త్రి ఏదో ఊళ్ళో గృహప్రవేశానికి తెల్లవారుజామునే బయలుదేరాడట.

చదువుకుని పట్నాలకు వెళ్ళినవాళ్ళం పైకొచ్చామనీ, ఊళ్ళో ఉండిపోయినవాళ్ళు వెనకబడిపోయారనీ ఇన్నాళ్ళూ నాలో ఎక్కడో ఒక లెక్క ఉండేది. పైకి ఎప్పుడూ అనలేదు గానీ ఉండేది. వాళ్ళు అక్కడ ఉండబట్టి మాకు తిరిగి వెళ్ళడానికి ఒక చోటు ఉంది. వాళ్ళు గుర్తు పెట్టుకోబట్టి మేమొక తరగతి అయ్యాం. లేకపోతే రిజిస్టరులో యాభై నాలుగు పేర్లం, అంతే.

మీకు కూడా ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి పిలుపు వస్తుంది. వస్తే తప్పకుండా వెళ్ళండి. వీలైతే ఒకరోజు ముందే వెళ్ళండి. బిందెలు మోసే వేళకు అక్కడుంటే, ఎవరికి కృతజ్ఞత చెప్పాలో మైకులో ఎవరూ చదివి వినిపించనక్కరలేదు. పేర్ల జాబితా రాసే పని మీకు అప్పగిస్తే మాత్రం, ప్రెస్సుకు పంపేముందు ఊళ్ళో ఉన్నవాళ్ళకు ఒకసారి చదివి వినిపించండి.